పసుపు ఆకు నూనె: వర్తకులు తెలుసుకోవలసిన సంగతులు

నిజామాబాదు యార్డులో కొమ్ముకు, మండకు తేడా తెలియని వర్తకుడు ఉండడు. అదే చేనులో తవ్వకానికి ముందు కోసి పారవేసే ఆకులోను సుగంధ తైలం ఉన్నదన్న సంగతి మాత్రం కొందరికే తెలుసు. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం ఈ పట్టణంలోనే ఏర్పడినందున, పసుపునుంచి వచ్చే ప్రతి సరుకు గుణదోషాలను ఈ బజారు ఎరిగి ఉండడం అవసరం.

తయారీ: ఆకును ముక్కలు చేసి, ఆవిరిమీద బట్టీ పట్టి నూనె తీస్తారు. ఆవిరి పని ఈ జిల్లాకు కొత్త కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015లో మూతపడేవరకు బాయిలర్లపైనే నడిచినది. నూరు కిలోల పచ్చి ఆకుకు సాధారణంగా కిలో లోపే నూనె దిగుతుంది. కనుక ఆకును దూరం మోసుకుపోతే కిరాయి గిట్టదు. బట్టీ చేను దగ్గరలోనే ఉండాలి.

లక్షణాలు: పసుపు దుంప నూనెలో ముఖ్య ద్రవ్యాలు టర్మరోన్లు. ఆకు నూనెలో సాధారణంగా ఆల్ఫా ఫెలాండ్రీన్‌ది పైచేయి; టెర్పినోలీన్, సినియోల్, పారా సైమీన్ కూడ ఉంటాయి. ఆకు నూనె లేత రంగుది, దుంప నూనెకంటె తేలిక. అందుచేత బేరం లీటరుకు గాక కిలోకు కుదుర్చుకొనడం మేలు. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ ఆవిరితో లేచి రాదు. బట్టీ నూనెలో కుర్కుమిన్ ఉన్నదని అమ్మజూపితే ఆ మాట నమ్మరాదు.

పరీక్ష: అద్దుడు కాగితంపై ఒక చుక్క వేసి ఆరనివ్వాలి. ఆరిన తరువాత కూడ జిడ్డుమరక స్పష్టంగా మిగిలితే కొబ్బరినూనెవంటిది కలిసినదని అనుమానించవలెను. టర్పెంటైను కల్తీ ఈ పరీక్షకు చిక్కదు. పెద్ద లాటు కొనేటప్పుడు గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదిక తప్పనిసరి. ఒప్పందంలో ‘పసుపు నూనె’ అని మాత్రమే వ్రాస్తే తగాదాకు తావిచ్చినట్లే. ‘ఆకు’ అనో ‘దుంప’ అనో విడమరచాలి.

నిలవ: ఫెలాండ్రీన్ సుమారు 50 డిగ్రీల సెల్సియస్ లోపుననే నిప్పు అందుకొనే ఆవిరినిస్తుంది. ఎండాకాలంలో ఇక్కడి రేకుల గోదాములో అంత వేడి పుట్టడం వింత కాదు. చల్లని నీడపట్టున, బీడీ, స్టవ్ వంటివి దరిచేరని చోట ఉంచాలి. అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాలను దాదాపు నిండుగా నింపి బిగించాలి. రబ్బరు, మామూలు ప్లాస్టిక్కు ఈ నూనెకు పనికిరావు. గాలి తగిలినకొద్దీ నూనె చిక్కబడి వాసన మారుతుంది, ధర పడిపోతుంది. లారీకి ఎత్తేటప్పుడు మండే సరుకని తెలిపి, సేఫ్టీ డేటా షీటు జతపరచాలి.

వాడకం: గాలి తగిలి పాతబడిన నూనె చర్మంపై దద్దురు, మంట కలిగించవచ్చు. ఒంటికి వాడదలచినవారు నూటికి ఒక పాలుకు మించకుండ కొబ్బరినూనెలో కలిపి, ముందుగా కొద్దిచోట రాసి చూసుకోవాలి. కంటికి తగలనీయరాదు, లోపలికి తీసుకొనరాదు. ఎవరైన పొరపాటున మింగితే వాంతి చేయించరాదు. నూనె ఊపిరితిత్తులలోకి దిగితే ప్రాణాపాయం. వెంటనే వైద్యునివద్దకు తీసుకుపోవలెను.

ఆకు నూనెను దుంప నూనె పేరుతో అమ్మితే లాభం ఒక్క లాటుకే. సరుకు తిరిగివస్తే పోయేది బజారు పేరు.