ప్రయోజనాన్ని బట్టి వాక్యభేదాలు: ఆంగ్ల, సంస్కృత, తెలుగు వ్యాకరణదృష్టులు

ఆంగ్ల వ్యాకరణబోధనలో ప్రయోజనాన్ని బట్టి వాక్యాలు నాలుగు విధాలు: నిశ్చయార్థకం, ప్రశ్నార్థకం, విధ్యర్థకం, ఆశ్చర్యార్థకం. పూర్వం విశాఖపట్టణం జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం చెరకు పండే సీమ. అక్కడి రైతుల వాడుకకు తగిన మాటలతోనే ఈ నాల్గింటినీ చూపవచ్చు. "బండి వచ్చింది" నిశ్చయం, "బండి వచ్చిందా?" ప్రశ్న, "బండి తోలు" విధి, "బండి ఎంత వేగంగా వచ్చిందో!" ఆశ్చర్యం.

ఇంతవరకు చిక్కు లేదు. అయితే "కాస్త బండి తోలుతావా?" అన్న వాక్యం ఏ కోవకు చెందుతుంది? రూపాన్ని బట్టి ఇది ప్రశ్న, ప్రయోజనాన్ని బట్టి అభ్యర్థన. అనగా ఈ చతుర్విధ విభాగం ప్రయోజనం పేరు చెప్పుకొన్నా, వాస్తవానికి రూపాన్నే ప్రధానంగా ఆశ్రయించింది.

పాణిని ఈ రెంటినీ వేరుపరచి చూశాడు. అష్టాధ్యాయి తృతీయాధ్యాయంలో (3.3.161) విధి, నిమంత్రణం, ఆమంత్రణం, అధీష్టం, సంప్రశ్నం, ప్రార్థన అనే ఆరర్థాలలో లిఙ్ విహితం. తదుపరి సూత్రం ఆ అర్థాలలోనే లోట్‌ను కూడ విధించింది. తప్పక రావలసిన పిలుపు నిమంత్రణం. రావడం, రాకపోవడం పిలువబడినవాని ఇచ్ఛకు విడిచినది ఆమంత్రణం. ఒకే రూపానికి పలు ప్రయోజనాలు, ఒకే ప్రయోజనానికి పలు రూపాలు ఉంటాయని దీనివల్ల స్పష్టమవుతుంది.

తెలుగులో చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పది పరిచ్ఛేదాల గ్రంథం. అందులో క్రియకు పరిచ్ఛేదం ఉంది గాని వాక్యానికి ప్రత్యేకంగా లేదు. చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975) ఆ లోటును చాలవరకు తీర్చింది. పాఠశాలల తెలుగు వ్యాకరణం మాత్రం అనుమత్యర్థకం, సామర్థ్యార్థకం, సందేహార్థకం మొదలైన భేదాలను కూడ బోధిస్తుంది. ఆంగ్ల విభాగంలో ఇవన్నీ సాధారణంగా నిశ్చయార్థకాలలోనే చేరిపోతాయి.

ఇక్కడ బోధకులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. "మీరిక ఇంటికి వెళ్ళవచ్చు" అనుమతి; "రేపు వాన పడవచ్చు" సందేహం. రెంటా 'వచ్చు' ఒక్కటే. కనుక సందర్భం చెప్పకుండా "అతడు రావచ్చు" అని మాత్రమే ఇచ్చి వాక్యభేదం అడిగితే రెండు సమాధానాలూ సాధువులే. వాటిలో ఒకదానికే మార్కులిచ్చి రెండవదాన్ని కొట్టివేయడం విద్యార్థికి అన్యాయం. ప్రశ్నపత్రంలో వక్తను, శ్రోతను, సందర్భాన్ని సూచించాలి. తరగతిలో మొదట రూపాన్ని, పిదప ప్రయోజనాన్ని వేరువేరుగా గుర్తింపజేయాలి. పాణిని చూపిన ఈ వివేకం ఆంగ్లబోధనకూ, తెలుగుబోధనకూ సమానంగా ఉపకరిస్తుంది.