ఆవిరికి హద్దు దాటిన బాయిలరు

పాల్వంచలో 1966లో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రంలో క్రమంగా ఎనిమిది యూనిట్లు వెలిశాయి. అన్నీ కలిసి 720 మెగావాట్లు. అవి మూతపడ్డాక, వాటి శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో పేల్చి పడగొట్టారు. అక్కడే 2018 డిసెంబరులో పని మొదలుపెట్టిన కొత్త యూనిటు ఒక్కటే 800 మెగావాట్లు ఇస్తుంది. పరిమాణం పెరగడం అంత విశేషం కాదు. అసలు తేడా బాయిలరులో ఉంది.

బొగ్గును మెత్తగా నూరి బాయిలరులోకి ఊదుతారు. ఆ మంటకు గొట్టాల్లోని నీరు ఆవిరై టర్బైనును తిప్పుతుంది, టర్బైను జనరేటరును తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరిని చల్లార్చి మళ్ళీ నీరు చేస్తారు. బొగ్గు ఇచ్చిన వేడిలో దాదాపు సగం ఈ చల్లార్చే చోటనే పోతుంది! (గోపురాల మీద తెల్లగా లేచేది పొగ కాదు, నీటి తుంపరే.)

ఈ నష్టాన్ని తగ్గించే దారిని 1824లోనే ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో చూపాడు. ఆవిరి ఎంత వేడిగా యంత్రంలోకి వెళ్ళి ఎంత చల్లగా బయటికి వస్తే, వేడిలో అంత ఎక్కువ భాగం పనిగా మారుతుంది. మన ఎండల్లో చల్లదనానికి ఒక హద్దుంది. కాబట్టి వేడినీ, దానితోపాటు పీడనాన్నీ పెంచాలి.

ఇక్కడొక వింత చూడండి. గిన్నెలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. ప్రెషర్ కుక్కరులో సుమారు 120 డిగ్రీలకు గాని మరగదు. పీడనం ఇంకా పెంచుతూ పోతే? వాతావరణ పీడనానికి 218 రెట్లు, 374 డిగ్రీలు చేరేసరికి నీటికీ ఆవిరికీ తేడాయే ఉండదు. బుడగ అన్నది పుట్టదు! ఇదే సందిగ్ధ స్థితి. పాత బాయిలర్లు దీనికి దిగువనే పనిచేశాయి. నీటి నుంచి ఆవిరిని వేరుచేయడానికి వాటికి పెద్ద డ్రమ్ము కావలసి వచ్చేది. కొత్తది ఈ హద్దు దాటి పనిచేస్తుంది, డ్రమ్ము అక్కరలేదు. కాని గొట్టాలు ఆ వేడికి, ఆ ఒత్తిడికి పగలకూడదు గదా! అందుకు క్రోమియం వంటివి కలిపిన మేలురకం ఉక్కు కావాలి.

ఇక లెక్క వేద్దాం. కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిటు 860 కిలోకేలరీలకు సమానం. కిలో బొగ్గు 3,500 కిలోకేలరీలు ఇస్తుందనుకుందాం. వేడిలో 35 శాతం కరెంటుగా మారితే యూనిటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. 40 శాతం మారితే 614 గ్రాములు చాలు. ఇంతేనా అనకండి. 800 మెగావాట్ల కేంద్రం పూర్తిగా నడిస్తే రోజుకు 192 లక్షల యూనిట్లు తయారవుతాయి. అంటే ఆదా రోజుకు సుమారు 1,700 టన్నులు. అయినా రోజూ కాలే బొగ్గు 11,800 టన్నులు, దాదాపు మూడు గూడ్సు రైళ్ళ సరుకు.

అందులో బూడిద నూటికి 40 పాళ్ళు అనుకుంటే రోజుకు 4,700 టన్నులు. కొంత సిమెంటుకూ ఇటుకలకూ పోతుంది, మిగిలింది బూడిద చెరువుకు చేరుతుంది. కంటికి కనపడనిది ఇంకా బరువు. 12 గ్రాముల కార్బనుకు 32 గ్రాముల ఆక్సిజన్ చేరి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. భూమిని వేడెక్కిస్తున్న వాయువుల్లో ముఖ్యమైనది ఇదే. కొత్త బాయిలరు దీన్ని తగ్గించగలదు గాని ఆపలేదు. పైగా ఇలాంటి కేంద్రాన్ని ఒకసారి కట్టామంటే దశాబ్దాల తరబడి నడుస్తుంది. పాల్వంచలో 1966 నాటి యూనిటు యాభై ఏళ్ళు దాటి నడిచింది.

బొగ్గులో కార్బను నూటికి 38 పాళ్ళు ఉందనుకొని, కొత్త కేంద్రం నుంచి రోజుకు ఎంత బొగ్గుపులుసు వాయువు వస్తుందో మీరే కట్టి చూడండి. జవాబు 16,000 టన్నులు దాటాలి.