ఎలుగుబంట్లున్న అడవికి పిస్టల్ పట్టుకెళ్ళాలా? అమెరికాకు కొత్తగా వచ్చిన మన తిరుపతి, చిత్తూరు వాళ్ళకు

శేషాచలం అంచున పెరిగినవాళ్ళకు అడవి మృగం కొత్త కాదు. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక బాబును నోట కరుచుకుపోయింది. అదృష్టం కొద్దీ ఆ పిల్లవాడు బతికాడు. ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ళ పాప బతకలేదు. ఆ తర్వాత టీటీడీ మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలను మెట్లెక్కనివ్వలేదు, భక్తులను గుంపులుగా నడవమంది, చేతికి కర్రలిచ్చింది. అటవీశాఖ బోన్లు పెట్టి చిరుతలను పట్టింది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి నుంచి ఏనుగులు చేలమీద పడితే రైతులు డప్పులు, టపాసులతోనే కాపలా కాశారు. 2025 మేలో కర్ణాటక, అడవి ఏనుగులను తరిమే కుంకీ ఏనుగులను ఇచ్చాక వాటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. ఇంత జరిగినా నడుముకు పిస్టల్ కట్టుకుని కొండెక్కాలని మామూలు మనిషికి తోచదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు దొరకడమే కష్టం, దొరికినవాళ్ళు కూడా ఎన్నికలొస్తే సాధారణంగా తుపాకీని స్టేషన్లో అప్పగించాల్సి వస్తుంది.

అమెరికాలో దిగాక సంగతి వేరుగా కనిపిస్తుంది. పెద్ద స్పోర్ట్స్ షాపుల్లో చేపల గాలాలకు నాలుగడుగుల దూరంలో తుపాకులు అద్దాల అరల్లో ఉంటాయి. లాంగ్ వీకెండ్‌కి యెల్లోస్టోన్ పోదామనుకుంటే, అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లున్నాయి, చేతిలో ఏమీ లేకుండా ఎలా పోతారని ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. భయం నిజమైనదే. పిల్లాపాపలతో వెళ్ళే ఇంటాయనకు తుపాకీ ఉంటే బాగుండునని అనిపించడంలో తప్పు లేదు. అయితే షాపు గుమ్మం తొక్కేముందు ఒక విషయం తెలుసుకుని తీరాలి.

మీరు ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, బి-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే, తుపాకీ గానీ తూటా గానీ మీ దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం. అమెరికా ఫెడరల్ చట్టం 18వ టైటిల్, 922వ సెక్షన్ ఆ మాట నేరుగా చెబుతుంది. కొనకపోయినా సరే, స్నేహితుడు ఇచ్చింది పట్టుకున్నా, మీ బ్యాగులో పెట్టుకున్నా మీ దగ్గర ఉన్నట్టే లెక్క. 2022లో చట్టాన్ని సవరించాక దీనికి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ళ జైలు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించడానికి కూడా అదే కారణమవుతుంది. షాపులో నింపాల్సిన 4473 ఫారంలో మీ ఇమిగ్రేషన్ హోదా అడిగే ప్రశ్న ఉంటుంది. అక్కడ అబద్ధం రాసి సంతకం పెడితే అది ఇంకో నేరం. షూటింగ్ రేంజ్‌లో సరదాగా ఒక రౌండు కాల్చి ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే కుర్రవాళ్ళున్నారు. ఆ ఫోటోయే వాళ్ళ మీద సాక్ష్యం.

ఈ చట్టంలో ఒక మినహాయింపు ఉన్న మాట నిజం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే వీసా మీద ఉన్నవాళ్ళకూ నిషేధం వర్తించదు. వాట్సాప్ గ్రూపుల్లో ఈ కిటుకు బాగా తిరుగుతుంది. అయినా దాన్ని నమ్ముకుని ముందుకు పోవద్దని నా సలహా. లైసెన్సు గడువు తీరిన మరుసటి రోజు నుంచి మీ బీరువాలోని పిస్టల్ నేరమవుతుంది. ఫెడరల్ మినహాయింపు ఉన్నా రాష్ట్ర చట్టం వేరుగా ఉండొచ్చు. ఇన్నేళ్ళ చదువునూ ఉద్యోగాన్నీ వారాంతపు నడక కోసం పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళు, పౌరసత్వం తీసుకున్నవాళ్ళు చట్టప్రకారం కొనుక్కోవచ్చు. అయితే పిస్టల్‌ను డీలర్ దగ్గర మీరు నివసించే రాష్ట్రంలోనే కొనాలి. ఒంటిమీద పెట్టుకు తిరగడానికి ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిది. అలాస్కా 2003 నుంచే పర్మిట్ లేకుండా అనుమతిస్తోంది, కానీ మీ రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ సరిహద్దు దాటగానే చెల్లకపోవచ్చు. జాతీయ పార్కుల్లో 2010 ఫిబ్రవరి 22 నుంచి ఆ పార్కు ఉన్న రాష్ట్రపు నియమాలే వర్తిస్తున్నాయి. అంటే తుపాకీ దగ్గర పెట్టుకోవచ్చు, కానీ యెల్లోస్టోన్ లాంటి పార్కులో పేల్చడం నిషిద్ధం. విజిటర్ సెంటర్ వంటి ఫెడరల్ భవనంలోకి తీసుకెళ్ళడమూ నేరమే. కెనడాలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట: అక్కడ 2022 అక్టోబర్ 21 నుంచి వ్యక్తుల మధ్య పిస్టళ్ళ అమ్మకం, బదిలీ ఆగిపోయాయి. సియాటిల్ నుంచి బాన్ఫ్‌కు కారులో పోతూ డాష్‌బోర్డులో పిస్టల్ ఉంచుకుంటే సరిహద్దులోనే కేసవుతుంది.

అన్ని అనుమతులూ ఉన్నవాళ్ళు ఏది ఎంచుకోవాలి? అలాస్కాలో తిరిగేవాళ్ళలో ఎక్కువగా వినిపించే పేర్లు .44 మాగ్నం రివాల్వర్, 10 ఎంఎం పిస్టల్. రివాల్వర్‌లో ఇరుక్కుపోయే బాధ తక్కువ, దాని పని కొత్తవాళ్ళకు త్వరగా అర్థమవుతుంది. పది ఎంఎంలో తూటాలు ఎక్కువ పడతాయి. ఇళ్ళలో ఆత్మరక్షణకు వాడే, లోపలికి పోగానే విచ్చుకునే తూటాలు ఇక్కడ పనికిరావు. ఎలుగుబంటి కండ, ఎముక దాటి లోతుకు పోవాలంటే గట్టి సీసపు బరువు తూటా కావాలి. అది వెనక్కి కొట్టే దెబ్బకు మణికట్టు అదురుతుంది. తూటా బరువు కన్నా, వరసగా గురి తప్పకుండా కాల్చగలగడం ముఖ్యం. వీపున బ్యాగుంటే నడుము దగ్గరి తుపాకీకి దాని బెల్టు అడ్డం వస్తుంది, అందుకే ఛాతీమీద కట్టుకునే హోల్‌స్టర్ వాడతారు. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసిన పెట్టె తప్పనిసరి.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. గ్రిజ్లీ గంటకు 35 మైళ్ళ వేగంతో, అంటే సెకనుకు సుమారు 50 అడుగులు పరుగెత్తుతుంది. తొంభై అడుగుల దూరంలో మీదికి ఉరికితే మీ చేతిలో ఉన్నది రెండు సెకన్ల లోపే. ఆ రెండు సెకన్లలో తుపాకీ తీసి, ఊగుతూ వచ్చే తలకో ఛాతీకో గురిపెట్టి కొట్టాలి. నెలకోసారి కూడా రేంజ్‌కు పోని చేతికి అది సాధ్యమవుతుందని నేను అనుకోను.

టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు అలాస్కాలో ఈ సంగతిని పరిశీలించారు. 2008లో వెలువడిన పరిశోధనలో బేర్ స్ప్రే వాడిన 83 ఘటనలు చూస్తే, గోధుమరంగు ఎలుగుబంట్ల (గ్రిజ్లీలు ఈ జాతివే) విషయంలో 92 శాతం సందర్భాల్లో స్ప్రే పనిచేసింది. దగ్గరి నుంచి ఎదురుపడ్డా, స్ప్రే దగ్గరున్నవాళ్ళలో 98 శాతం మందికి దెబ్బ తగల్లేదు. 2012లో వచ్చిన రెండో పరిశోధన 1883 నుంచి 2009 వరకు తుపాకీ ఉన్న 269 ఘటనలను చూసింది. పిస్టల్ 84 శాతం, రైఫిల్ వంటి పొడుగు తుపాకులు 76 శాతం పనిచేశాయి. రెండింటిలోని ఘటనలు ఒకేరకం కావు కాబట్టి పక్కపక్కన పెట్టి ఏది గెలిచిందని తేల్చకూడదు. నన్ను ఆలోచింపజేసింది వేరే సంగతి: తుపాకీ ఉన్నవాళ్ళు కాల్చినా కాల్చకపోయినా, గాయపడిన నిష్పత్తి ఒకేలా ఉంది. అందుకే పౌరసత్వం ఉన్నవాళ్ళకు కూడా నేను ముందు స్ప్రేనే సూచిస్తాను.

బేర్ స్ప్రే అంటే ఘాటైన మిరప సారాన్ని ముప్పై అడుగుల వరకు మేఘంలా చిమ్మే డబ్బా. వీసా మీద ఉన్నవాళ్ళకూ ఫెడరల్ చట్టం దీన్ని నిషేధించదు. కొన్ని పార్కులు మాత్రం ఒప్పుకోవు: యోసెమిటీలో ఇది నిషిద్ధం, అక్కడ గ్రిజ్లీలూ లేవు. విమానంలో చేతి సామానులోనూ, చెక్ ఇన్ బ్యాగులోనూ కుదరదు. కాబట్టి దిగాక అక్కడే కొనండి, వెళ్ళేముందు ఆ ఊళ్ళోనే ఎవరికైనా ఇచ్చేయండి. బ్యాగు అడుగున కాదు, చేతికందేలా ఛాతీమీదో నడుముకో ఉండాలి. భద్రతా క్లిప్పు తీయడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. మృగం దగ్గరకు వస్తే కాస్త కిందికి వంచి, అది మేఘంలోకి దూరేలా కొట్టండి. దోమల మందులా ఒంటికో గుడారానికో రాసుకోకూడదు, ఆ వాసనకే మృగం రావచ్చు. ఎండలో కారులో వదలొద్దు, డబ్బా పేలవచ్చు.

మన వంటల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిషు కరపత్రాల్లో ఇది ఉండదు. పులిహోర, ఆవకాయ, చింతచిగురు పొడి వాసన ఎలుగుబంటికి చాలా దూరం నుంచే తెలుస్తుంది. తలకు రాసే కొబ్బరి నూనె, అగరుబత్తి, చిన్నపిల్లల పాలపొడి, టూత్‌పేస్ట్ కూడా దానికి తిండి కిందే లెక్క. ఇవేవీ గుడారంలో ఉండకూడదు. యోసెమిటీలో కార్లు పగలగొట్టి తిన్న ఎలుగుబంట్లు చాలా ఉన్నాయి, అందుకే ఫుడ్ లాకర్‌లోనే పెట్టాలి. గుడారానికి వంద గజాల దూరంలో వండుకుని, అక్కడే గిన్నెలు కడగండి.

నడిచేటప్పుడు గోవింద నామం చెబుతూ మెట్లెక్కే అలవాటు ఇక్కడా పనికొస్తుంది. నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంటూ, మలుపుల దగ్గర చప్పట్లు కొడుతూ పోతే ఎలుగుబంటి చాలాసార్లు ముందే తప్పుకుంటుంది. పిల్లలను ముందు పరుగెత్తనివ్వకండి, వెనక వదలకండి. కౌగర్ అనే పెద్ద అడవి పిల్లి ఎదురైతే పిల్లలను ఎత్తుకుని, దాని కళ్ళల్లోకి చూస్తూ వెనక్కి జరగండి. ఏ మృగం ఎదురైనా పరుగెత్తొద్దు. గ్రిజ్లీ మీదపడి తాకితే బోర్లా పడుకుని మెడమీద చేతులు కట్టుకోవాలి, నల్ల ఎలుగుబంటి దాడి చేస్తే తిరగబడి ముక్కుమీద కొట్టాలి. యెల్లోస్టోన్‌లో మనుషులను ఎక్కువగా గాయపరిచింది ఎలుగుబంటి కాదు, బైసన్. అది మన ఊరి దున్నపోతులా మచ్చికైనట్టు కనిపిస్తుంది కాబట్టే మనవాళ్ళు ఫోటోకోసం దగ్గరకు పోతారు. ఎలుగుబంటి, తోడేలు, కౌగర్ అయితే వంద గజాలు, బైసన్ అయినా ఇంకేదైనా కనీసం 25 గజాలు దూరం పాటించడం అక్కడి నియమం.

తుపాకీ గురించి ఇంకా సందేహముంటే స్నేహితుణ్ణి కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ఆ జవాబు రాకముందు దేన్నీ చేత్తో ముట్టుకోకండి.