తర్జుమా చేయకముందు తెలిసికొనుడి

చదువవలసిన భాగములు: నెహెమ్యా 8:1–8, మార్కు 4:35–41, మత్తయి 13:24–30, యోహాను 9:1–7



కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరి పాయ ప్రక్కనున్న ఒక పల్లెలో ఉజ్జీవ కూటములు జరిగినవి. దూరదేశమునుండి వచ్చిన బోధకుడొకాయన ఆంగ్లములో ప్రసంగించుచుండగా నేను ప్రక్కన నిలువబడి తెలుగులో చెప్పుచుంటిని. ముగింపులో ఆయన క్షమాపణనుగూర్చి సంతోషముతో మాటలాడెను. ఆయన భాషలో "మనము" అన్నను "మేము" అన్నను ఒకటే మాట. నేను ఆలోచింపక "మేము ఎంతో క్షమాపణ పొందితిమి" అని పలికితిని.

కూటము ముగిసి చాపలు చుట్టుచుండగా ఒక ముసలి అవ్వ నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆయనగారు వాళ్లకి క్షమాపణ దొరికిందన్నారు. మంచిదే. మరి మా మాటేంటండీ?" అని అడిగెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు ఆంగ్లము రాక కాదు, తెలుగు రాక కాదు. ఆ మాట ఎవరిని కలుపుకొని పలుకబడినదో విచారింపక నోరు తెరచుటయే నా తప్పు. బోధకుడు ఆ అవ్వను లోపలికి పిలిచెను. నేను ఆమెను గుమ్మము బయటనే నిలిపితిని. రెండు భాషలు తెలిసినంత మాత్రమున తర్జుమా కుదరదు. మొదట మూలమును విప్పి చూడవలెను. ఈ నెల మన పాఠము ఇదియే.

వాక్యము చూపు క్రమము

చెరనుండి తిరిగి వచ్చిన జనులయెదుట ఎజ్రా ధర్మశాస్త్రమును తెరచెను. అక్కడ జరిగిన పనిని నెహెమ్యా 8:8 వరుసగా చెప్పుచున్నది. స్పష్టముగా చదివిరి, అర్థము చెప్పిరి, జనులు గ్రహించిరి. చదువుటకును జనులు గ్రహించుటకును నడుమ ఒక పని యున్నదని గమనించుడి. అర్థము చెప్పువాడు ముందు తానే అర్థము చేసికొనవలెను గదా.

మన తెలుగు బైబిలు కథయందును ఈ పని కనబడుచున్నది. 1805లో లండను మిషనరీ సంఘము పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణము చేరిరి. బ్రాహ్మణ కుటుంబమునుండి విశ్వాసములోనికి వచ్చిన ఆనందరాయరు వారికి తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి ప్రయాసవలన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరున అచ్చుపడినవి. ఎడ్వర్డు ప్రిచెట్ తెలిగించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడెను. ఇట్టి పనిలో మూలము తెలిసినవాడును తెలుగు తెలిసినవాడును ఒకరినొకరు ప్రశ్నించుకొనక ఒక్క వచనమైనను ముందుకు సాగదు.

రాజమండ్రిలో కొలువు చేసిన సి. పి. బ్రౌన్ దొరయు వేమన పద్యముల వ్రాతప్రతులను అనేకములు సేకరించి, వాటిని సరిపోల్చి, 1829లో ఆంగ్లార్థముతో అచ్చువేయించెను. మూలపాఠమేదో తేల్చుకొనుటయే తర్జుమాకు మొదటి మెట్టని ఆయన పని మనకు తెలుపుచున్నది.

తెలుగు మనలనడుగు ప్రశ్నలు

ప్రతి భాషయు తర్జుమా చేయువానిని కొన్ని ప్రశ్నలడుగును. మూలభాష అడుగని ప్రశ్నలను తెలుగు అడుగును. వాటికి ఉత్తరము మూలములోనే వెదకవలెను.

మొదటి ప్రశ్న: మనమా, మేమా? గలిలయ సముద్రముమీద తుపాను రేగినప్పుడు శిష్యులు ప్రభువును లేపి, ప్రాణాపాయమును ఆయనకు తెలిపిరి (మార్కు 4:38). గ్రీకులో రెంటికిని ఒకటే రూపము. "మేము" అనినయెడల, నిద్రించుచున్న ఆయనను విడిచి తమ ప్రాణములకొరకే వారు మొరపెట్టిరి. "మనము" అనినయెడల, ఆయనయు తమతోకూడ మునుగునని తలంచిరి. శిష్యుల విశ్వాసమును మనము ఎట్లు చూచుచున్నామో ఈ ఒక్క అక్షరము తేల్చును. మీ బైబిలులో ఏ మాట యున్నదో చూచి, అది ఎందుకు ఎంచుకొనబడినదో ఆలోచించుడి. లూకా 7:5లో కపెర్నహూము పెద్దలు యేసుతో పలికిన మాటలను కూడ ఇట్లే పరీక్షించుడి. జనమును గూర్చి చెప్పునప్పుడు ఆయనను కలుపుకొనిరా? సమాజమందిరమును గూర్చి చెప్పునప్పుడో?

రెండవ ప్రశ్న: అన్నా, తమ్ముడా? మన ఇండ్లలో "సహోదరుడా" అని ఎవరు పిలుతురు? అన్నయ్య యుండును, తమ్ముడుండును. అక్క యుండును, చెల్లెలుండును. గ్రీకు మాట ఈ భేదము చూపదు. అహరోనుకు 83 ఏండ్లు, మోషేకు 80 ఏండ్లు అని నిర్గమకాండము 7:7 తెలుపుచున్నది గనుక అహరోను అన్న అని ధైర్యముగా చెప్పవచ్చును. పేతురు అంద్రెయలలో ఎవరు పెద్దవారో సువార్తలు చెప్పలేదు. మూలము చెప్పని దానిని మనము కల్పింపరాదు. అట్టిచోట "సహోదరుడు" అను మాటయే క్షేమము.

మూడవ ప్రశ్న: వాడా, అతడా, ఆయనా? తెలుగులో మనుష్యునిగూర్చి పలుకగానే ఏదో ఒక మెట్టుమీద నిలువబెట్టక తప్పదు. పుట్టుగ్రుడ్డివానిగూర్చి శిష్యులడిగినప్పుడు (యోహాను 9:2) మనము చాలకాలముగా చదువుచున్న బైబిలులో "వీడు" అని యున్నది. గ్రీకు మాటలో గౌరవమును లేదు, తృణీకారమును లేదు. బిచ్చగానిని చూచి ఆ కాలపువారు పలికిన పలుకు గనుక శిష్యుల నోట "వీడు" తగునని ఒకరు వాదింపవచ్చును. అయితే సువార్తికుడు తానే కథ చెప్పునప్పుడు, ప్రభువు చూపునిచ్చిన ఆ మనుష్యుడు "వాడు" కావలెనా, "అతడు" కావలెనా? మన సంఘములలో అనేకుల తాత ముత్తాతలను ఊరిలోనివారు "ఒరేయ్" అనియే పిలిచిరి. అట్టివారి బిడ్డల చెవికి ఈ చిన్న మాట చిన్నది కాదు. పూర్వపు అనువాదకులను నిందించుటకు నేను దీనిని వ్రాయలేదు. వారు తమ కాలపు తెలుగులో నమ్మకముగా పనిచేసిరి. కాని పలుకులోని హెచ్చుతగ్గులు వాక్యమువా, మన వీధివా అని అడుగుట మన విధి.

నాలుగవ ప్రశ్న: ఈ వస్తువు కథలో ఏ పని చేయుచున్నది? మత్తయి 13లో శత్రువు గోధుమలలో విత్తిన కలుపునకు తెలుగులో "గురుగులు" అని పేరు వచ్చినది. గురుగు మొక్కను మన రైతు దూరమునుండియే గుర్తుపట్టును. "వెంటనే పెరికించక యజమానుడు ఎందుకు ఆగెను?" అని అతడు అడిగిన న్యాయమే. మూలములోని కలుపు గోధుమను పోలియుండును. వెన్ను తీసినగాని భేదము స్పష్టపడదు. మన డెల్టా వరిచేలలో ఊద గడ్డి ఇట్టిది. నాట్లయిన తరువాత వరి ఏదో ఊద ఏదో తెలియక కూలీలు తడబడుదురు. ఉపమానపు బలమంతయు ఆ పోలికలోనే యున్నది. నిఘంటువు మొక్క పేరు చెప్పును. ఆ మొక్క కథలో ఎందుకున్నదో పాఠమును పరీక్షించినగాని తెలియదు.

అయిదవ ప్రశ్న: ఎవరు చేసిన పని? "దేవుని ప్రేమ" అనగా దేవుడు మనలను ప్రేమించుటయా, మనము దేవుని ప్రేమించుటయా? 1 యోహాను 2:5ను చుట్టునున్న వచనములతో కలిపి చదివి నిర్ణయించుకొనుడి. ప్రేమ, రక్షణ, క్షమాపణ వంటి మాట వచ్చినప్పుడెల్ల, ఎవరు, ఎవరిని, దేనినుండి అని అడిగినయెడల మరుగైయున్న మనుష్యులు బయటికి వత్తురు.

చేయవలసిన క్రమము

1969లో యూజీన్ నైడా, చార్లెస్ టేబర్ అనువారు ప్రకటించిన గ్రంథములో తర్జుమా పనిని మూడు మెట్లుగా విభజించిరి. మూలమును విశ్లేషించుట, ఆ భావమును రెండవ భాషలోనికి తెచ్చుట, ఆ భాషకు తగినట్లు తిరిగి కూర్చుట. మనము తరచుగా మొదటి మెట్టును దాటి రెండవదానిమీదికి దుముకుదుము. ఇండ్లు కట్టువాడు నేలను చూడక గోడలు లేపినట్లే అది.

ఆదివార పాఠశాల ఉపాధ్యాయులారా, ప్రసంగములు తెలిగించు యౌవనులారా, ఈ అలవాటు చేసికొనుడి. భాగమును మొదట ఆసాంతము చదువుడి. ఒక్క మాటయు తిప్పవద్దు. పిమ్మట ఒక కాగితముమీద, పలుకువారెవరు, వినువారెవరు, ఏ సందర్భమున, ఏ ఉద్దేశముతో అని వ్రాయుడి. సందేహమున్న మాటలక్రింద గీత గీయుడి. అతిథి ప్రసంగించుటకు వచ్చినయెడల, కూటమునకు ముందే ఆయనతో కూర్చుండి ఆ మాటలనుగూర్చి అడుగుడి. అడుగుట అవమానము కాదు. రథములో కూర్చున్న ఐతియొపీయుడు, తనకు తెలియదని ఒప్పుకొనెను గనుకనే ఫిలిప్పు ఎక్కి వచ్చి అతని ప్రక్కను కూర్చుండెను (అపొ. కా. 8:31). చివరకు మీ తెలుగును చదువురాని ఒక పెద్దమ్మకు వినిపించి, "నీకేమి అర్థమైనది?" అని అడుగుడి. ఆమె ఉత్తరమే మీ పరీక్ష.

ఆ అవ్వయొద్దకు నేను మరునాడు వెళ్లితిని. "అమ్మా, నేను తప్పుగా చెప్పితిని. ఆయన మనమని చెప్పెను" అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే నేను కూడా ఉన్నానన్నమాట" అనెను. నాటినుండి ఆ మాట నోటికి వచ్చునప్పుడెల్ల ఒక్క క్షణమాగి, లోపల ఎవరున్నారో లెక్కించుకొనుచున్నాను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీరు నిత్యము చేయు ప్రార్థనలలో "మేము", "మనము" అను మాటలు ఎక్కడెక్కడ వచ్చుచున్నవి? ప్రభువుతో పలుకునప్పుడు ఏది తగును? ఎందుకు?

2. లూకా 10:38–42లో మార్త మరియలలో అక్క ఎవరో వాక్యము చెప్పుచున్నదా? పిల్లలకు ఈ కథను ఎట్లు చెప్పుదురు?

3. మత్తయి 13లోని కలుపు ఉపమానమును మీ ఊరి రైతుకు చెప్పవలసివచ్చినయెడల ఏ పేరు వాడుదురు? దానివలన ఏ భావము నిలుచును, ఏది తప్పిపోవును?