అడగకముందే చెప్పవే, చిన్నీ

హైదరాబాద్

చిన్నీ,



నువ్వు పంపిన మీ చీరల కొట్టు వెబ్‌సైటు లింకు నిన్న మెట్రోలో కూర్చుని తెరిచాను. తెరవగానే సన్నాయి మోగింది. పక్కనున్నావిడ ఉలిక్కిపడింది తల్లీ! దాన్ని ఆపే గుర్తు ఎక్కడుందా అని వెతుకుతుంటే, ఈమెయిల్ ఇస్తే పది శాతం తగ్గింపు అంటూ ఓ పెట్టె అడ్డం వచ్చింది. ఇంకా చీరే చూడలేదు, తగ్గింపు దేని మీదే? మూసేద్దామంటే అక్కడేం రాసి ఉంది? 'వద్దు, నాకు చేనేత మీద ప్రేమ లేదు' అని! మగ్గాల చప్పుడు మధ్య పుట్టినదాన్ని, నాచేతే ఆ మాట నొక్కించావు. సరే, నొక్కాను. తెల్లటి తెర. కాసేపటికి ఒక్కో బొమ్మా దిగింది. నీలం చీర మీద వేలు పెట్టబోతే పైన ఇంకేదో వచ్చి పడి పేజీ అంతా కిందికి జరిగింది, నా వేలు పోయి 'మా ప్రస్థానం' మీద పడింది. మేనత్తను కాబట్టి ఇంకా సైటులోనే ఉన్నాను.

కోప్పడకు. చీరలు చాలా బాగున్నాయి. ఆ నిజాం అంచు చూస్తే చేత్తో తడమాలనిపించింది. సరుకు బాగుండబట్టే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

మంగళగిరిలో మీ తాతయ్య కొట్టు నీకు గుర్తుండదు. చీర విప్పి చూపించి ఊరుకునేవాడు కాదు నాన్న. గుమ్మం బయటికి తెచ్చి ఎండలో పట్టేవాడు. ట్యూబులైటు కింద కనపడే చిలకపచ్చ వేరు, పగటి వెలుతురులో వేరు. ఎంత కౌంటు నూలు, జాకెట్టు ముక్క ఉందా, మొదటి ఉతుకులో రంగు దిగుతుందా, అన్నీ అడిగేలోపే చెప్పేవాడు. వచ్చినావిడ మొహం చూస్తూ చెప్పేవాడు. కాస్త అనుమానం కనపడితే చాలు, అంచు తిరగేసి వెనకవైపు కూడా చూపించేవాడు.

నీకా మొహం కనపడదు. అదే నీ కష్టమంతా. అనుమానం వచ్చినావిడ నిన్ను అడగదు, వేలితో ఒక్క తోపు తోసి ఇంకో సైటుకి వెళ్ళిపోతుంది. ఎందుకు పోయిందో నీకు తెలియను కూడా తెలియదు. అందుకని ఆవిడ అడగబోయేవన్నీ నువ్వు ముందే చెప్పి ఉండాలి. నేను చెప్పేది ఇంతే.

అందరికంటే ముందు అడిగేది ధర. నువ్వేమో ప్రతి చీర కింద 'ధర కోసం సంప్రదించండి' అని పెట్టావు. ధర రాస్తే పక్క కొట్టువాళ్ళు చూసి తగ్గిస్తారని మీ నాన్న భయమట, వదిన చెప్పింది. అన్నయ్యతో నేను చెప్పానని చెప్పు: పక్క కొట్టువాళ్ళకి మన ధర ఎలాగూ తెలుసు, ఒక్క ఫోను చేస్తే తెలిసిపోతుంది. తెలియనిది కొనేవాళ్ళకే. ధర దాచావంటే మనిషిని బట్టి చెబుతారేమో అనుకుంటారు, లేదా మన అందుబాటులో ఉండదులే అనుకుంటారు. రెంటిలో ఏదనుకున్నా బేరం పోయినట్టే.

ధర పక్కనే కొరియర్ ఖర్చు కూడా రాయి. నీ సైటులో అది చిట్టచివర, డబ్బు కట్టే పేజీలో తేలింది. డెన్మార్క్‌లో బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది, ఆన్‌లైన్‌లో జనం ఎలా కొంటారో చూడటమే ఏళ్ళ తరబడి వాళ్ళ పని. వాళ్ళ లెక్కలో కార్టులో వేసుకున్నవాళ్ళలో 70 శాతం మంది కొనకుండానే వదిలేస్తారు. కొందరు ఊరికే చూసిపోయేవాళ్ళనుకో. మిగతావాళ్ళు చెప్పిన కారణాల్లో మొదటిది, చివర్లో కలిపే ఈ అదనపు ఖర్చులే. వీలైతే చీర ధరలోనే కలిపెయ్యి. పిన్‌కోడ్ కొడితే ఎన్ని రోజుల్లో చేరుతుందో చెప్పేలా చూడు. పెళ్ళికని కొనేవాళ్ళకి రంగు కంటే అదే ముఖ్యం.

ఇంకొకటి. కొనాలంటే ముందు అకౌంటు తెరిచి పాస్‌వర్డు పెట్టుకోమంటున్నావు. నేనూ ఇలాంటి సైట్లు చేయించే ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అలాగే అడిగించాను, వివరాలు పోగవుతాయన్న ఆశ. అమెరికాలో జేరెడ్ స్పూల్ అని ఒకాయన 2009లో ఒక పెద్ద దుకాణం సంగతి రాశాడు. అక్కడా కొనేముందు రిజిస్టరు చేసుకోవాల్సిందే. ఆ రిజిస్టరు బటన్ తీసేసి 'కొనసాగించండి' అని పెట్టారు, అకౌంటు అక్కర్లేదని కింద ఒక మాట రాశారు. కొనేవాళ్ళు 45 శాతం పెరిగారు. ఏడాదిలో 30 కోట్ల డాలర్ల అమ్మకాలు అదనంగా వచ్చాయి. మనకి కోట్లెందుకు గానీ, పేరు, చిరునామా, ఫోను నంబరు చాలు. యూపీఐ ఎలాగూ ఉంది.

ఫోటోల సంగతి. ఫోను కెమెరాతో తీసినవి తీసినట్టు ఎక్కించావు కదూ? ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. ఫోను తెరకి అంత అక్కర్లేదు. సైజు తగ్గించి వెబ్‌పీ అనే ఫార్మాట్లోకి మారిస్తే 200 కేబీలోపు వస్తుంది, కంటికి తేడా తెలియదు. మొబైల్లో పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు దాటితే 53 శాతం మంది వెళ్ళిపోతారని 2016లో గూగుల్ చెప్పింది. నీది ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టుకో, నేను చెబితే బాధపడతావు. ప్రతి బొమ్మకీ పొడవు వెడల్పులు ముందే చెప్పమని సైటు చేసిన అబ్బాయితో అను, పేజీ జారడం ఆగుతుంది.

కానీ ఫోటోలు తగ్గించకు, పెంచు. పగటి వెలుతురులో, గుమ్మం బయట తీయించు. అంచు దగ్గరగా, కొంగు మొత్తం, వెనకవైపు ఒకటి, కట్టుకున్నది ఒకటి. మగ్గం చీరలో అక్కడక్కడా పోగు లావుగా ఉంటుంది కదా, అది కూడా దగ్గరగా చూపించి, చేతి నేతకి ఇది సహజం అని రాయి. లేకపోతే పాడైన చీర పంపావని తిప్పి పంపుతారు. మంగళగిరి పేరు పెట్టి పవర్‌లూమ్ సరుకు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ అనుమానంతోనే వస్తారు నీ దగ్గరికి. సైటులో పెట్టిన ఆ పూలదండల వీడియో తీసేసి మన గుంట మగ్గం మీద చీర నేస్తున్నది పెట్టు, సంగీతం లేకుండా.

ఇప్పుడు అసలు తిట్టు. 'ఈ చీరను ప్రస్తుతం 14 మంది చూస్తున్నారు' అని రాశావే, ఎవరే ఆ పద్నాలుగు మంది? మనింట్లోవాళ్ళని లెక్కపెట్టినా అంతమంది లేరు. కొనేవాళ్ళని మభ్యపెట్టే ఇలాంటి ఎత్తుల్ని 13 రకాలుగా గుర్తించి 2023 నవంబరులో కేంద్రం నిషేధించింది. లేని తొందర పెట్టడం, అడగని వస్తువు కార్టులో వెయ్యడం, వద్దన్నవాళ్ళని సిగ్గుపడేలా చెయ్యడం. నువ్వు వాటిలో రెండు చేశావు! సైటు చేసినవాడు రెడీమేడుగా అతికించి ఉంటాడు, నీకు తెలిసి ఉండదు, నాకు తెలుసు. అయినా కొట్టు నీది. ఇవాళే తీయించు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఒకసారి చదువు. కొట్టు పేరు, చిరునామా, ఫిర్యాదు చూసే మనిషి పేరు కనపడేలా ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి. చట్టం అడిగిందని కాదు, ఫలానా వీధిలో ఫలానా కొట్టు అని ఉంటే మనిషికి ధైర్యం.

ఇవన్నీ చేశాక మీ వీధిలో ఐదుగురి చేతికి ఫోనిచ్చి, ఒక చీర కొనమను. పక్కన కూర్చో, నోరు విప్పకు. ఎక్కడ ఆగారో, ఎక్కడ మొహం చిట్లించారో చూసి రాసుకో. ఐదుగురు చాలని జేకబ్ నీల్సన్ అనే ఆయన 2000లోనే చెప్పాడు. నువ్వు మధ్యలో 'అక్కడ కాదు పిన్నీ, ఇక్కడ నొక్కు' అన్నావో, ఆ పరీక్ష దండగ.

దసరాకి నెల ముందే ఈ పనంతా అయిపోవాలి. అయ్యాక కబురు పెట్టు, ఆ నీలం చీర నేనే కొంటాను. డబ్బు కట్టే కొంటాను, మేనత్తనని తగ్గించావంటే ఊరుకోను.

మీ అత్త