ట్రాక్టరునకు ఏ ఆయిలు పోయవలెను? ఎన్ని గంటలకు మార్చవలెను?

మన సంఘ సభ్యులలో పలువురకు నేడు సొంత ట్రాక్టరు గలదు. లేనివారును దుక్కికి, దమ్మునకు, ధాన్యపు తోలకమునకు పొరుగువారి ట్రాక్టరునే బాడుగకు పిలుచుకొనుచున్నారు. ఎద్దుబండి దినములలో ఇరుసునకు ఆముదపు కందెన రాయుట ఇంటనున్న బాలురు సైతము ఎఱిగిన పని. ఇరుసు ఎండిన బండి కీచుమని తన బాధ తానే చెప్పుకొనును. ట్రాక్టరు ఇంజను అట్లు చెప్పదు. లోపల ఆయిలు చెడినను పైకి నడచుచునే యుండి, ఒకనాడు నడిమి దమ్ములో పట్టుకొని నిలిచిపోవును. అప్పటి నష్టము మరమ్మతు ఖర్చుతో తీరదు. నారు ముదురును; కాలువ వంతు నీరు వృథా యగును; పిలిచిన కూలీలు వెనుకకు మరలుదురు.

మేము గ్రామములలో తిరుగునపుడు రైతులు తఱచుగా అడుగు ప్రశ్నలు రెండు. ఏ ఆయిలు పోయవలెను? ఎన్ని గంటలకు మార్చవలెను? ఆ రెండింటికిని ఈ పాఠమున సమాధానము వ్రాయుచున్నాము.

1. ఆయిలు చేయు పనులు

ఆయిలు ఇంజనులో అయిదు పనులు చేయును. కదలు ఇనుప భాగముల నడుమ పలుచని పొరగా నిలిచి వానిని ఒకదానితో నొకటి రాసికొననీయదు. నీరు చేరలేని చోట్లనుండి వేడిని మోసికొని వచ్చును. పిస్టను రింగులకును సిలిండరు గోడకును నడుమనున్న సందును మూసి బలము జాఱిపోకుండ చేయును. మసిని, మడ్డిని కడిగి తనలో నిలుపుకొనును. డీజిలు మండుటవలన పుట్టు ఆమ్లమును విఱిచి ఇనుమునకు త్రుప్పు పట్టనీయదు.

ఇందుండి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, నల్లబడిన ఆయిలెల్ల చెడిన ఆయిలు కాదు. డీజిలు ఇంజనులో పోసిన క్రొత్త ఆయిలు కొలది గంటలలోనే నల్లబడును. మసిని గోడలపై పేరుకొననీయక తనలో నిలుపుకొన్నందువలననే ఆ నలుపు వచ్చును. రెండవది, కడుగుటకును ఆమ్లమును విఱుచుటకును ఆయిలులో కలిపిన మందులు పనిచేసిన కొలది తఱిగిపోవును. రంగు చూచి గాని, వ్రేళ్ల నడుమ రుద్ది గాని వాని మిగులును తెలిసికొన జాలము. గంటల లెక్కయే ఆధారము. తగ్గినంత మేర క్రొత్త ఆయిలు పోయుచుండిన చాలుననుటయు పొరపాటే. అడుగున నిలిచిన మడ్డియు, ఫిల్టరులో పట్టిన మసియు అట్లే యుండును.

2. డబ్బాపై నుండు అంకెలు

డబ్బాపై ఎస్.ఏ.ఈ. అను మాట ప్రక్కను 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 అను అంకెలుండును. ఎస్.ఏ.ఈ. యనునది 1905 లో అమెరికాలో ఏర్పడిన వాహన ఇంజనీర్ల సంఘము. ఆయిలు చిక్కదనమును అంకెలలో తెలుపు పద్ధతి ఆ సంఘమువారిదే. డబ్ల్యు అక్షరము చలికాలమును సూచించును. దాని ముందరి అంకె ఎంత చిన్నదైన, చలిలో ఆయిలు అంత త్వరగా పాఱును. వెనుకటి అంకె 100 డిగ్రీల వేడిలో నుండు చిక్కదనమునకు గుర్తు. అంకె పెరిగిన కొలది ఆయిలు చిక్కన.

వేసవిలో ఎండలు మెండు గనుక మఱింత చిక్కని ఆయిలు పోయవలెనని కొందఱందురు. పల్నాటి రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటుట నిజమే. కాని పనిలోనున్న ఇంజనులోని ఆయిలు ఏ ఋతువునందైనను అంతకు రెట్టింపు వేడిలో నుండును. ఆ వేడిని ప్రధానముగా అదుపుచేయునది రేడియేటరును, థర్మోస్టాటును గాని బయటి ఎండ కాదు. అవసరమునకు మించి చిక్కనైన ఆయిలు, ఇంజను ఆరంభించిన తొలి క్షణములలో పై భాగములకు ఆలస్యముగా చేరును. ఇంజను అరుగుదలలో మంచి భాగము ఆ క్షణములలోనే జరుగుచున్నది. ఆదిలాబాదు ప్రాంతమున శీతకాలపు రాత్రులు 10 డిగ్రీలకు లోబడుట కలదు. తెల్లవాఱుజామున బండి తీయు అచ్చటి రైతునకు 20 కంటె 15 అంకె గల ఆయిలు మేలు. తక్కిన తెలుగు జిల్లాలలో యంత్రముతో నిచ్చిన పుస్తకము ఒప్పుకొన్నచో రెండును పనికివచ్చును.

3. డబ్బాపై నుండు అక్షరములు

చిక్కదనము ఒక్కటే చాలదు. ఏ.పి.ఐ. అను మాట ప్రక్కనుండు అక్షరములు ఆయిలు తరగతిని తెలుపును. ఎస్. తో మొదలైనది పెట్రోలు ఇంజనునకు, సి. తో మొదలైనది డీజిలు ఇంజనునకు ఉద్దేశింపబడినది. డీజిలు తరగతులు కాలక్రమమున సి.ఎఫ్.-4 (1990), సి.హెచ్.-4 (1998), సి.ఐ.-4 (2002) అను వరుసను వచ్చినవి. సి.ఎఫ్.-4 చాలునని పుస్తకములో వ్రాసిన ప్రాత ట్రాక్టరునకు సి.హెచ్.-4 గాని సి.ఐ.-4 గాని పోయవచ్చును. సి.ఐ.-4 అడిగిన ఇంజనునకు సి.ఎఫ్.-4 పోయరాదు. పై మెట్టు క్రింది మెట్టు పని చేయగలదు. క్రింది మెట్టు పై మెట్టు పని చేయలేదు.

2023 జనవరి నుండి 50 అశ్వశక్తులకు మించిన క్రొత్త ట్రాక్టర్లకు పొగ విషయమున కఠినమైన నిబంధన అమలులోనికి వచ్చినది. అట్టి వానిలో పొగగొట్టమునకు మసి జల్లెడ అమర్చినవి గలవు. బూడిద ఎక్కువగా మిగులు ఆయిలు ఆ జల్లెడను పూడ్చివేయును. కావున అట్టి బండికి పుస్తకములో పేర్కొన్న తరగతినే పోయవలెను. అంగడివాడు ఇదియు నదియు నొకటే యన్నను వినరాదు.

ఇంకొక హెచ్చరిక. ఇంజను ఆయిలు వేఱు, గేరు పెట్టెకును హైడ్రాలిక్కునకును పోయు ఆయిలు వేఱు. ఆయిలులో మునిగియుండు బ్రేకులు గల ట్రాక్టరు గేరు పెట్టెలో ఇంజను ఆయిలు పోసినచో బ్రేకు పట్టు చెడును. అట్లే మోటారు సైకిళ్లలో పెక్కింటికి క్లచ్చి ఇంజను ఆయిలులోనే మునిగి తిరుగును. వానికి జె.ఏ.ఎస్.ఓ. ఎం.ఏ. అను గుర్తు గల ఆయిలు కొనవలెను. ట్రాక్టరునకు తెచ్చిన డబ్బాలో మిగిలినది కదాయని మోటారు సైకిలులో పోయరాదు.

4. గంటల లెక్క

క్రొత్త ఇంజనులో మొదటి దినములందు ఇనుప పొడి రాలును. కావున తొలి మార్పు 50 గంటలకే చేయవలెనని పెక్కు పుస్తకములు చెప్పుచున్నవి. బోరు చేయించి తిరిగి కూర్చిన ఇంజనును క్రొత్తదానివలెనే చూడవలెను. అటుపిమ్మట మన రైతులు వాడు ట్రాక్టర్లలో పెక్కింటికి 250 గంటలు వాడుకలోనున్న గడువు. కొన్నింటికి ఇంకను ఎక్కువ. మీ బండి పుస్తకము చెప్పినదే మీకు ప్రమాణము.

మా తండ్రులు ఇంతకంటె ముందుగా మార్చెడివారే యని కొందఱడుగుదురు. వారి డీజిలు వేఱు. డీజిలులో గంధకము ఎక్కువైన ఆమ్లము ఎక్కువ. ఆయిలులోని మందు త్వరగా ఖర్చగును. దేశమంతట అమ్ము డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 2010 నాటి నిబంధన ప్రకారము 350 పాళ్లు, 2017 నుండి 50, 2020 ఏప్రిలు నుండి 10 పాళ్లకు మించరాదు. ఆయిలును మెఱుగుపడినది. అయినను దుమ్ములో తోలకము, నూర్పిడి, ఎడతెగని దమ్ము చేయు బండికి గడువును తగ్గింపవలెనే గాని పెంచరాదు. దుమ్ము ఎయిర్ క్లీనరును దాటి లోనికి పోయిన, ఎంత మంచి ఆయిలైనను ఇసుక కలిసిన గంధమువలె ఇనుమును అరుగదీయును. అడుగున ఆయిలు పోసియుంచు రకపు ఎయిర్ క్లీనరును దుమ్ము పని దినములలో ప్రతిదినము విప్పి చూడవలెను.

సంవత్సరమునకు నూఱు గంటలైనను తిరుగని బండికి గడువు నిండలేదని రెండు మూడేండ్లు ఊరకుండరాదు. చెమ్మ చేరి ఆయిలు నిలువయందును చెడును. కావున ఏడాదికొకసారి తప్పక మార్చవలెను.

మీటరు గుఱించి యొకమాట. ముల్లు గల ప్రాతరకపు మీటరు ఇంజను చుట్లను బట్టి నడచును. పుస్తకములో చెప్పిన వేగమున నడిపినపుడే దాని గంట గడియారపు గంటతో సరిపోవును. నెమ్మదిగా నడిపిన వెనుకబడును. మీటరు పాడైన బండికి డ్రైవరు పనిగంటలను ఏనాటికానాడు పుస్తకమున వ్రాయుటకంటె వేఱు దారి లేదు.

ఇపుడు లెక్క చూతము. గడువు 250 గంటలు. కడపట ఆయిలు మార్చునపుడు మీటరు 1840, నేడు 1990. అనగా 150 గంటలు గడచినవి, 100 మిగిలినవి. రేపటినుండి దినమునకు 8 గంటల చొప్పున 20 దినములు దమ్ము గలదు, అనగా 160 గంటలు. ఊరకున్నచో పని ముగియునప్పటికి 310 గంటలగును. ఇందులకు దారులు రెండు. ఆయిలు, ఫిల్టరు ముందే ఇంట తెచ్చియుంచి, 246 గంటలు నిండిన 12 వ నాటి రాత్రి మార్చుట ఒకటి. ఆ ఏర్పాటు సాగదని తోచిన, దమ్మునకు దిగకముందే మార్చుట రెండవది. దీనివలన ఆయిలు వెలలో అయిదింట రెండు పాళ్లు నష్టమగును. అయినను దమ్ము నడుమ ఒక దినము బండి నిలుచుటకంటె అది స్వల్పము. పని ముగిసిన పిదప చూతమనునది మూడవ దారిగా ఎంచరాదు.

5. ప్రతిదినము చూడవలసినవి

ఉదయము బండి తీయకముందు, సమతలమున, గేజికఱ్ఱ తీసి తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. తగ్గుచున్నచో కారుచున్నదనియో, లోపల మండుచున్నదనియో గ్రహింపవలెను. పెరుగుట ఇంకను ప్రమాదము. డీజిలో నీరో అందు చేరుచున్నదన్నమాట. మజ్జిగవలె తెల్లబడిన ఆయిలు నీరు కలిసిన దానికి గుర్తు.

ఒకే గ్రామమున ఒకే రకపు ట్రాక్టర్లు గల ఇద్దఱు రైతుల సంగతి మేమెఱుగుదుము. ఒకరు ఉదయముననే గేజి చూచి, ఆయిలు గీతకు పైకెక్కి తెల్లబడియుండుట కనుగొని, బండిని కదల్పక మెకానిక్కును పిలిపించిరి. హెడ్డు గాస్కెట్టు కాలి నీరు దిగుచుండెను. గాస్కెట్టు మార్చి, క్రొత్త ఆయిలు పోసి మూడవనాడు దమ్ములోనికి దిగిరి. రెండవవారి బండికిని అదే రోగము వచ్చినది. డ్రైవరు గేజి చూడలేదు. ఆయిలు దీపము వెలిగినను మడి అంచు చేరువఱకు నడిపెను. బేరింగులు కరగి క్రాంకు చెడినది. ఆ కారంతయు ఆయన బాడుగ బండ్లతో దమ్ము చేయించుకొని, నాట్లు వెనుకబడి, బండి వాయిదా సొమ్ము పంటలోనుండి కట్టలేకపోయెను. ఇరువురి నడుమ భేదము గేజికఱ్ఱ తుడుచు ఒక్క నిమిషమే.

6. మార్చు విధము

ఇంజనును పది నిమిషములు నడిపి, ఆయిలు వేడెక్కిన పిదప ఆపవలెను. వేడి ఆయిలు మడ్డిని కూడ దింపుకొని వచ్చును. చేయి కాలకుండ చూచుకొనవలెను. బండి సమతలముననుండగా, తాళము తీసి, చక్రములకు అడ్డు పెట్టి, అడుగు బోల్టు విప్పి ఆయిలంతయు దిగనీయవలెను. బోల్టు వాషరు నలిగియున్న మార్చవలెను. ఫిల్టరు తప్పక క్రొత్తది వేయవలెను. ప్రాత ఫిల్టరులో నిలిచిన ఆయిలు క్రొత్తదానిని మొదటి దినముననే మలినము చేయును. మరతో బిగించు ఫిల్టరు రబ్బరు చుట్టునకు ఆయిలు తడి చేసి, చేతితోనే బిగింపవలెను. పుస్తకములోని కొలత ప్రకారము పోసి, కొలది నిమిషములు నడిపి, కారుట లేదని చూచి, ఆపి, ఆయిలు దిగిన పిదప గేజి చూడవలెను. పై గీత దాటి పోసినచో నురుగెత్తి ఆయిలు పొర నిలువదు.

7. ప్రాత ఆయిలు

దించిన ఆయిలును కాలువలో, గట్టుపై, దొడ్డిలో పాఱబోయరాదు. గుంజలకు చెదపట్టకుండ పూయుట, పశువుల పుండ్లకు రాయుట వాడుకగా నున్నది, రెండును మానవలెను. అందు ఇనుప పొడియు, చర్మమునకు చెఱుపు చేయు మసియు నుండును. 2016 నాటి నిబంధనలలో వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థముల జాబితాలోనున్నది. మూత గల డబ్బాలో దాచి, దానిని శుద్ధిచేయుటకు అనుమతి గలవారికే చేర్పవలెను.

ఒక్కొక్క రైతు అయిదాఱు లీటర్ల ప్రాత ఆయిలును అట్లు చేర్చుట కష్టము. సంఘము ఒక పీపా నుంచిన సులభము. క్రొత్త ఆయిలును అట్లే సభ్యులు తమ బండ్లకు వలసిన తరగతులు ముందే వ్రాసి యిచ్చినచో, సంఘము బిల్లుతో, ముద్ర చెడని డబ్బాలలో, ఒకేసారి తెప్పించి పంచవచ్చును. విడిగా పోసి అమ్ము ఆయిలును, పేరు నమ్మదగినదైనను, కొనరాదు.

8. అభ్యాసము

వచ్చు సమావేశమునకు ప్రతి సభ్యుడును ఈ ప్రశ్నలకు తన బండి విషయమున జవాబులు వ్రాసికొని రావలెను. డ్రైవరును వెంటబెట్టుకొని వచ్చిన మఱియు మేలు.

(1) మీ బండి పుస్తకము ఏ అంకెను, ఏ తరగతిని చెప్పుచున్నది? ఇప్పుడు లోపలనున్నది అదియేనా?
(2) కడపట ఆయిలు మార్చిన తేది, నాటి మీటరు అంకె ఏవి? నేటి అంకె ఎంత?
(3) ఈ కారు పనికి ఎన్ని గంటలు పట్టును? గడువు ఏ దినమున నిండును?
(4) నేటి ఉదయము గేజికఱ్ఱ చూచినవారెవరు?

నాలుగవ ప్రశ్నకు జవాబు లేనివారు పుస్తకము వెదకుటకు ముందు బండియొద్దకు పోయి గేజి చూడవలెను.