బొడోని అక్షరముల స్వభావము – ప్రయోజనము

గ్రంథమును చదువునపుడు మనము మాటలను గమనింతుము గాని అక్షరముల రూపమును గమనింపము. కన్నులకు శ్రమ కలిగినపుడే ఆ రూపము మనకు గుర్తుకు వచ్చును. రోమన్ లిపిలోని బొడోని అక్షరములు ఇందుకు మంచి ఉదాహరణము.

జాంబతిస్తా బొడోని 1740లో ఇటలీలోని సలుజ్జో పట్టణమున జన్మించెను. 1768లో పార్మా ప్రభువు ముద్రణాలయమునకు అధిపతి అయ్యెను. 1813లో ఆయన మరణించెను. ఆయన అక్షర నమూనాల గ్రంథమును 1818లో భార్య మార్గరీటా రెండు సంపుటములుగా వెలువరించెను.

ఉర్దూ నస్తాలీఖు వ్రాతలో రెల్లు కలము వాలును బట్టి గీత లావగును, సన్నమగును. బొడోని అక్షరములలో ఆ వాలు కనిపింపదు. రోమన్ 'ఓ' అక్షరమునకు ఇరుప్రక్కలు లావు. పైన, క్రింద వెంట్రుక వంటి సన్నదనము. కొసల యందలి అడ్డుగీతలును అట్లే సన్నము. ఇట్టి గీతలు స్పష్టముగా పడుటకు నునుపైన కాగితము, మంచి సిరా అవసరము.

అందుచే ముఖపత్రములకు, శీర్షికలకు ఇవి గంభీరమైన శోభ నిచ్చును. చిన్న పరిమాణమున ముద్రించినచో సన్నగీతలు తెగిపోవును, లావుగీతలే మిగిలి కన్నులను బాధించును. సీసపు అచ్చుల కాలమున ప్రతి పరిమాణమునకు అక్షరమును వేరుగా చెక్కెడివారు. ఒకే రూపమును పెంచి తగ్గించు పద్ధతి వచ్చిన పిదప ఈ జాగ్రత్త సన్నగిల్లెను. 1994లో ఐ.టి.సి. సంస్థ 6, 12, 72 పాయింట్లకు వేర్వేరు బొడోని రూపములను వెలువరించి దానిని పునరుద్ధరించినది.

కావున పత్రికను కూర్చు విద్యార్థులు అక్షరమును ఎన్నుకొనునపుడు దాని అందముతోపాటు, మసక వెలుతురున చదువు వృద్ధుల కన్నులనుగూడ తలచుకొనవలెను.